ఒకే పట్టా, రెండు ఇంజన్లు

కైరుప్పల పేరు చెప్పగానే చాలామందికి ఉగాది మరునాటి పిడకల సమరమే గుర్తుకు వస్తుంది. ఏడాదికి ఒక్కనాడు పత్రికల వారు కెమెరాలతో వచ్చి వెళతారు. మిగిలిన రోజులన్నీ పత్తి చేలు, వేరుశనగ, వాన కోసం ఎదురుచూపు, బోరుబావులలో తగ్గిపోతున్న నీటిని గురించిన చింత. ఇవే మా ఊరి వార్తలు. గాలి అనుకూలించిన రాత్రులలో, ఇషా నమాజు ముగిసిన తరువాత, ఆస్పరి మీదుగా ఆదోని వైపు సాగే రైలు కూత మా వాకిలి దాకా వినిపిస్తుంది. మద్రాసు రైల్వే, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే రాయచూరు వద్ద కలుసుకున్నది 1871లో. నాటి నుండి బొంబాయి, మద్రాసు నగరాల నడుమ ఈ దారినే బండ్లు తిరుగుతున్నాయి. మా కుటుంబంలో ఒకరికి ఆ దారే జీవనాధారమయింది. ఆయన వదిలి వెళ్ళిన ఒక అమానతును గురించి, దాని మూలంగా మా ఇంటిలో మా చేతులతోనే జరిగిన ఒక అన్యాయాన్ని గురించి ఈ నాలుగు మాటలు. భార్యాభర్తలం ఇద్దరం కలిసి వ్రాస్తున్నాం. టంకం పెట్టినది మాలో ఒకరే అయినా, అనరాని మాట అన్నది ఇద్దరమూను.

మా పిల్లలకు బడే అబ్బా, అంటే మా ఇంటి పెద్దన్న, గుంతకల్లు డివిజన్‌లో డీజిల్ ఇంజన్ల మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ పొందారు. అల్లాహ్ ఆయనకు సంతానం ప్రసాదించలేదు. మా ఇద్దరు కుమారులనే తన కుమారులుగా చూసుకున్నారు. జర్మనీలో ఉద్యోగం చేసి వచ్చిన ఒక మిత్రుని ద్వారా ఆయన రెండు నమూనా రైలింజన్లు తెప్పించుకున్నారు. ఒకటి కాస్త కొత్తది, మరొకటి పాతది. అరచేతికి కొంచెం పొడవైన ఈ ఇంజన్లు నిజమైన ఇంజన్లలో 87వ వంతు పరిమాణంలో ఉంటాయి. వాటి పట్టాల నడుమ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా దేశాల ప్రామాణిక గేజి 1,435 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే వచ్చే కొలత అది. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు గనుక ఆ లెక్కన మన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. ఈ తేడాను పిల్లలకు చెప్పి, “మన దారి వాళ్ళ దారి కంటే వెడల్పు బేటా” అని ఆయన నవ్వేవారు.

ఆయన చివరి జబ్బులో ఉన్నప్పుడు ఆ రెండు ఇంజన్లనూ మా చేతిలో పెట్టారు. “కొత్తది పెద్దవాడికి, పాతది చిన్నవాడికి. ఎక్కువ తక్కువలని అనుకోవద్దు. పాతదాని మోటారు బలమైనది. రెండూ ఒకే పట్టా మీద నడవాలి, అదే నా కోరిక” అన్నారు. అమానతును అప్పగించి వెళ్ళిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన కోరిక చిన్నదే అనిపించింది గాని తీర్చడం తేలిక కాలేదు. ఈ ఇంజన్లకు పట్టాల ద్వారానే విద్యుత్తు అందుతుంది. పాత పద్ధతిలో రెగ్యులేటరు తిప్పితే పట్టాలలో వోల్టేజి సున్నా నుండి 12 దాకా పెరుగుతుంది, ఇంజను వేగం దానిని అనుసరిస్తుంది. ధ్రువాలు మారిస్తే వెనుకకు నడుస్తుంది. పట్టా మీద ఒకే ఇంజను ఉన్నంత సేపు ఇబ్బంది లేదు. రెండు ఉంచితే రెండూ కదులుతాయి. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. పైగా రెండు మోటార్ల స్వభావం ఒకటి కాదు. కొత్తది కొద్దిపాటి వోల్టేజికే పరుగందుకునేది. పాతది మెల్లగా మేల్కొనేది. రెండు నిమిషాలలో కొత్తది పోయి పాతదానిని వెనుకనుండి గుద్దేది. ఆ వెంటనే పిల్లలిద్దరి మధ్య గొడవ.

మా పిల్లల స్వభావం కూడా ఇంచుమించు అంతే. పెద్దవాడు పదవ తరగతి. చెప్పీ చెప్పకముందే అందుకుంటాడు. చిన్నవాడు ఏడవ తరగతి. వాడికి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుంటుంది. వాడు మొదలుపెట్టిన వాక్యాన్ని మేమే పూర్తి చేసేవాళ్ళం. అది వాడికి సాయమని అనుకునేవాళ్ళం.

ఆదోనిలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా బంధువుల అబ్బాయి సెలవులకు వచ్చి ఇంజన్లను చూసి, ఇందుకు డీకోడర్ అనే పరికరం ఉందని చెప్పాడు. జర్మనీకి చెందిన బెర్న్‌డ్ లెంజ్ రూపొందించిన పద్ధతిని ఆధారంగా చేసుకుని, అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘం 1990ల తొలి సంవత్సరాలలో దీనికి ప్రమాణాలు నిర్ణయించిందట. ఈ పద్ధతిలో పట్టాలలో వోల్టేజి పెరగడం, తగ్గడం ఉండదు. ఎల్లప్పుడూ ఇంచుమించు 14, 15 వోల్టులు ఉంటుంది. కాని దాని ధ్రువాలు క్షణానికి వేలసార్లు తారుమారవుతూ ఉంటాయి. ఒక్కొక్క దిశలో 58 మైక్రోసెకన్లు నిలిచి మారితే అది ‘ఒకటి’. 100 మైక్రోసెకన్లు, అంతకు మించి నిలిచి మారితే అది ‘సున్నా’. ఈ ఒకట్లు, సున్నాల వరుసే ఆజ్ఞ. ఇంజను లోపల అమర్చిన చిన్న డీకోడరు దానిని చదువుతుంది. ప్రతి ఆజ్ఞలో ముందు ఒక చిరునామా ఉంటుంది, తరువాత చేయవలసిన పని, చివర సరిచూసుకునే సంఖ్య. పట్టా మీద ఉన్న ఇంజన్లన్నీ ప్రతి ఆజ్ఞనూ వింటాయి. తన చిరునామా ఉన్న ఆజ్ఞనే ప్రతి ఇంజనూ పాటిస్తుంది. చివరి సంఖ్య లెక్కకు సరిపోకపోతే ఆ వార్తను డీకోడరు నమ్మదు, విడిచిపెడుతుంది.

వినగానే మాకు ముచ్చట వేసింది. వెంటనే సంకోచమూ కలిగింది. ఆట వస్తువు మీద ఇంత ఖర్చు ఇస్రాఫ్ కాదా? ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన ఆ మాట సూటిగానే అన్నారు. మేము ఆలోచించాం. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలలో గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేదని, అది ఏమిటని మహాప్రవక్త (స) అడిగితే సులైమాన్ (అలైహి) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె జవాబు చెప్పారని, ఆయన మనసారా నవ్వారని హదీసులలో మనం చదువుకున్నాం. పిల్లల ఆటను చిన్నచూపు చూడని ఇల్లు అది. అయినా హద్దు హద్దే. మా ఇంటికి కొనదలచిన ఒక వస్తువును మానుకుని, దానికి పెట్టదలచిన డబ్బుతోనే రెండు డీకోడర్లు, ఒక నియంత్రణ పెట్టె తెప్పించుకున్నాం. మరణించిన వ్యక్తి కోరిక తీర్చడం ఆటకన్నా పెద్ద విషయమని కూడా మాకు తోచింది.

మా ఇంటి వృత్తి బోరు మోటార్ల వైండింగు. టంకం, తీగ, మల్టీమీటరు మాకు కొత్త కావు. అందుకే, ఇది పెద్ద పనా అనుకున్నాం. అక్కడే మా పతనం మొదలయింది.

పెద్దవాడి ఇంజనులో ఎనిమిది పిన్నుల సాకెట్ ముందే ఉంది. అందులో ఉన్న ఉత్త ప్లగ్గును పీకి, ఒకటవ పిన్ను ఏ వైపో చూసుకుని డీకోడరు గుచ్చితే సరిపోయింది. పది నిమిషాల పని. చిన్నవాడి పాత ఇంజనులో సాకెట్ లేదు. తీగలన్నీ విడివిడిగా కలపాలి. ఎరుపు, నలుపు తీగలు పట్టాల నుండి విద్యుత్తును తెచ్చేవి. నారింజ, బూడిద రంగువి మోటారుకు పోయేవి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం రెండు దీపాలకూ ఉమ్మడిగా. ఆ సంఘం ప్రమాణాలను పాటించే డీకోడర్లలో ఈ రంగుల వరుస ఒకటే.

అయితే పాత ఇంజన్లలో ఒక మర్మం ఉంది. వాటిలో చాలావాటికి మోటారు రెండు బ్రష్షులలో ఒకటి ఇనుప ఛాసిస్‌కే తగిలి ఉంటుంది, ఆ ఛాసిస్ ద్వారా ఒక పట్టాతో కలిసి ఉంటుంది. పాత పద్ధతిలో దానివల్ల నష్టం లేదు. డీకోడరు పెట్టేటప్పుడు మాత్రం మోటారు రెండు కొసలూ డీకోడరుకు తప్ప వేరే దేనికీ తగలరాదు. తగిలితే పట్టాలలోని విద్యుత్తు నేరుగా డీకోడరు మోటారు వైపు ద్వారంలోకి చొరబడుతుంది. రెప్పపాటులో అది కాలిపోతుంది. మా వృత్తి భాషలో దీనినే ‘బాడీ’ కావడం అంటారు. రైతు మోటారైతే మెగ్గరు పెట్టి బాడీ చూడనిదే మా కొట్టు గడప దాటించం. ఆ రోజు మగ్రిబ్ వేళ దగ్గర పడుతోంది. బొమ్మే కదా అనుకున్నాం. చూడలేదు.

తీగలన్నీ కలిపిన తరువాత చిన్నవాడు ఇంజనును చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. “బ... బ...” అంటూ ఏదో చెప్పబోయాడు. “బాగుందిలే, ఇటు ఇవ్వు” అని వాక్యం మేమే పూర్తి చేశాం. ఇంజనును పట్టా మీద పెట్టి స్విచ్చి వేశాం. చిన్న మెరుపు, సన్నని పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. అంతే.

ఆ క్షణంలో మా నోట వచ్చిన మాటలు ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుగా ఉంది. “నువ్వు పట్టుకున్నప్పుడే ఏదో తీగ కదిపి ఉంటావు. నీ చేతికి ఇస్తే ఏదీ మిగలదు” అన్నాం. ఒకరం అంటే మరొకరం అవునన్నాం. పెద్దవాడు కూడా “వాడే తిప్పాడు అబ్బా, నేను చూశాను” అన్నాడు. చిన్నవాడు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మేము ఆగలేదు. నమాజుకు వేళయిందని వెళ్ళిపోయాం. ఏ మనసుతో సఫ్‌లో నిలబడ్డామో అల్లాహ్‌కే తెలుసు.

మూడు రోజులు వాడు మాతో మాట్లాడలేదు. ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాడే గనుక మాకు వెంటనే తెలియనూ లేదు. అదే ఇప్పటికీ మమ్మల్ని ఎక్కువగా బాధించే విషయం.

నాలుగవ రోజు మధ్యాహ్నం వాడి అమ్మీ కొట్టుకు అన్నం తీసుకుని వచ్చేసరికి, వాడు మూలన కూర్చుని ఉన్నాడు. కాలిన డీకోడరు తీగలను విప్పి పక్కన పెట్టాడు. మల్టీమీటరు ఒక కొసను ఛాసిస్‌కు, మరొక కొసను మోటారు కింది బ్రష్షుకు ఆనించాడు. బీప్ అని మోగింది. తల ఎత్తి మమ్మల్ని చూశాడు. కొసలు తీసి, మళ్ళీ ఆనించాడు. మళ్ళీ మోగింది. బ్రష్షును పట్టి ఉంచే రాగి రేకు వంగి ఛాసిస్ అంచుకు తగులుతోంది. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. ఆ రోజు కిటికీ దగ్గర వాడు చెప్పబోయిన మాట ‘బాగుంది’ కాదు, ‘బాడీ’.

ఇద్దరం నిలబడిన చోటనే కూలబడ్డాం. కాలిపోయింది డీకోడరు కాదు, మా మీద ఆ పసివాడికున్న నమ్మకమని అనిపించింది. సూరా హుజురాత్‌లో వార్తను విచారించి తెలుసుకోమని, అనుమానాలను విడిచిపెట్టమని విశ్వాసులకు ఇచ్చిన ఆదేశాన్ని ఎన్నిసార్లు చదివాం, ఎన్ని దర్స్‌లలో విన్నాం! చిటికెన గోరంత డీకోడరు కూడా చివరి సంఖ్య సరిపోనిదే వార్తను నమ్మదు. మేము మాత్రం సరిచూడకుండానే తీర్పు చెప్పేశాం. తీర్పు చెప్పింది కూడా జవాబు చెప్పుకోలేని వాడి మీద.

పిల్లలను క్షమాపణ అడగడం మన ఇళ్ళలో అలవాటు లేని పని. పెద్దరికం తగ్గుతుందని భయం. కాని అల్లాహ్ దాసుల హక్కులు ఆ దాసులు క్షమించనిదే తీరవని మనకు తెలుసు. అందులో పిల్లలకు మినహాయింపు ఉందని ఎక్కడా చదవలేదు. వాడి ముందు కూర్చుని, “తప్పు మాది బేటా. నిన్ను అడగకుండా నింద వేశాం. మమ్మల్ని మాఫ్ చెయ్యి” అన్నాం. పెద్దవాడు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. వాడూ వచ్చి తమ్ముని పక్కన కూర్చున్నాడు. చిన్నవాడు చాలాసేపు ఇంజను చక్రాలను వేలితో తిప్పుతూ ఉండిపోయాడు. తరువాత “మ... మ... మరొకటి...” అన్నాడు. మా నాలుకల చివర ‘కొందామా’ అన్న మాట వచ్చి నిలిచింది. పళ్ళ బిగువున ఆపుకున్నాం. “...తెప్పిస్తే నేను పెడతాను” అని వాడే పూర్తి చేశాడు. మేము ఊహించిన వాక్యం కాదు అది.

మరో డీకోడరు వచ్చేదాకా కొన్ని వారాలు పట్టింది. ఈసారి పని వాడిదే. అన్న చదివి చెబుతుంటే వాడు చేశాడు. ముందుగా బ్రష్షు రేకును వెనుకకు వంచి, దానికీ ఛాసిస్‌కూ మధ్య వేడికి తట్టుకునే పలుచని టేపు పరిచాడు. మల్టీమీటరు పెట్టాడు. మోగలేదు. రెండవ బ్రష్షుకూ పెట్టాడు. మోగలేదు. ఇంజనును తలకిందులు చేసి, చక్రాలు తిప్పి మళ్ళీ చూశాడు. మోటారును పట్టి ఆపితే ఎంత కరెంటు లాగుతుందో కొలిచి, డీకోడరు తట్టుకునే హద్దులోపలే ఉందని నిర్ధారించుకున్నాడు. ప్రతి అతుకు మీద, వేడి చేస్తే ముడుచుకునే సన్నని గొట్టం తొడిగాడు. దీపాలకు రెసిస్టరు పెట్టాడు. హడావుడి లేదు. మగ్రిబ్ అజాన్ వినబడగానే అన్నీ వదిలి లేచాడు. మిగిలినది మరునాడు చేశాడు.

హజ్రత్ దావూద్ (అలైహి) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించిన సంగతి సూరా సబాలో ఉంది. ఒక ప్రవక్తకు కడియాల కొలత గురించి కూడా చెప్పాడంటే, చేతిపనిలోని శ్రద్ధ దైవం దృష్టిలో చిన్నది కాదన్నమాట. మా వృత్తిలో ఇన్నేళ్ళుండీ ఆ పాఠాన్ని ఏడవ తరగతి పిల్లవాడి చేతుల్లో చూడవలసి వచ్చింది.

పని అయిన తరువాత పెద్ద పట్టా మీద పెట్టలేదు. విడిగా ఒక మూర పట్టా ఉంటుంది, చిరునామాలు వ్రాయడానికి. అందులో కరెంటును చాలా తక్కువకు పరిమితం చేస్తారు. అతుకులో తప్పున్నా డీకోడరు సాధారణంగా కాలదు, పెట్టె మీద తప్పు అని మాత్రం కనిపిస్తుంది. మొదటిసారి మేము ఆ మెట్టును కూడా దాటవేసి పూర్తి విద్యుత్తు మీదనే పెట్టాం. పిల్లల తప్పొప్పులు చూసే వేళ మన కోపాన్ని కూడా ముందుగా ఇంత తగ్గించుకోగలిగితే ఎన్ని మనసులు కాలకుండా మిగులుతాయో!

కొత్త డీకోడరు ఏదైనా ఫ్యాక్టరీ నుండి 3 అనే చిరునామాతో వస్తుంది. రెండింటినీ అలాగే ఉంచితే మళ్ళీ రెండూ కలిసే కదులుతాయి, ఇంత శ్రమా వృథా. పెద్దవాడు 10 ఎంచుకున్నాడు. చిన్నవాడు 7 ఎంచుకున్నాడు. మెల్లగా బయలుదేరి మెల్లగా ఆగేలా తన ఇంజను సంఖ్యలను వాడే సవరించుకున్నాడు.

ఈ డీకోడర్లలో మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన గుణం ఒకటుంది. ఇంజను నిలకడగా నడవాలంటే మోటారు నిజంగా ఎంత వేగంతో తిరుగుతోందో డీకోడరుకు తెలియాలి. అందుకోసం అది క్షణంలో అతి స్వల్ప భాగం పాటు మోటారుకు విద్యుత్తు ఇవ్వడం మానుతుంది. ఆ విరామంలో, తిరుగుతున్న మోటారే పుట్టించే కొద్దిపాటి వోల్టేజిని కొలుస్తుంది. దానిని బట్టి తరువాత ఎంత ఇవ్వాలో నిర్ణయించుకుంటుంది. నెట్టడం ఆపి, వినడం. విని, మళ్ళీ నెట్టడం. మోటార్లతో జీవితం గడిపిన మేము మోటారు ఆగకుండానే మాట్లాడగలదని ఎన్నడూ అనుకోలేదు.

హజ్రత్ మూసా (అలైహి) తన నాలుక ముడి విప్పమని, తన సోదరుడు హారూన్ (అలైహి)ను తనకు తోడుగా ఇవ్వమని వేడుకున్న దుఆ సూరా తాహాలో ఉంది. ఇప్పుడు మా ఇంటిలో ఆ దుఆ రోజూ వినిపిస్తుంది. చిన్నవాడు చదువుతాడు, పెద్దవాడు ఆమీన్ అంటాడు. నత్తి పోయిందని చెప్పము. అది అలాగే ఉంది. కర్నూలులో ఒక వాక్చికిత్స నిపుణురాలికి చూపిస్తున్నాం. ఆమె మాకు ఇచ్చిన మొదటి సలహా కూడా వాడి వాక్యాలను మీరు పూర్తి చేయవద్దనే.

సంతానం మధ్య న్యాయం అనగానే మనకు ఆస్తి, కానుకలు గుర్తుకు వస్తాయి. హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి)కు తండ్రి ఇచ్చిన కానుకకు సాక్షిగా ఉండమంటే, మిగిలిన పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని మహాప్రవక్త (స) అడిగి, ఇవ్వలేదని తెలిసి సాక్ష్యానికి ఒప్పుకోలేదు. ఆ హదీసును మేము కానుకల విషయంలో జాగ్రత్తగానే పాటించాం, ఇద్దరికీ చెరొక ఇంజను, చెరొక డీకోడరు. చెవిని పంచడంలో మాత్రం పక్షపాతం చూపాం. వేగంగా మాట్లాడేవాడికి ఎక్కువ, మెల్లగా మాట్లాడేవాడికి తక్కువ.

నిన్న రాత్రి ఇషా తరువాత వసారాలో పట్టాలు పరిచారు. అగ్గిపెట్టెలతో ఒక స్టేషను కట్టి దానికి ఆస్పరి అని పేరు పెట్టారు. 10వ నంబరు పక్క దారిలో ఆగి ఎదురుచూస్తోంది. 7వ నంబరు, బడే అబ్బా చెప్పిన బలమైన మోటారు, నత్త నడకన, ఎక్కడా కుదుపు లేకుండా స్టేషనులోకి వచ్చి నిలిచింది. చిన్నవాడు స్టేషను మాస్టరులా లేచి నిలబడి ప్రకటన మొదలుపెట్టాడు. “గు... గుంతకల్లు నుండి ఆ... ఆ... ఆ...”

దూరాన నిజమైన రైలు కూత వేసి వెళ్ళిపోయింది. అన్న వేలు స్విచ్చి మీద నిలిచి ఉంది. మేమిద్దరం గడప మీద కూర్చుని ఉన్నాం. ఎవరమూ అందివ్వలేదు.

“...ఆదోని మీదుగా రాయచూరు వెళ్ళు బండి, ఒ... ఒకటవ ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.”

అల్ హమ్దులిల్లాహ్. బండి బయలుదేరింది.